జపాన్ వియ్యంకులతో బరంపురం పెళ్లి పనులు: ఏ బస మంచిది, ఏది కాదు

విదేశీ వియ్యంకుల్ని తీసుకుని ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్ వైపు వచ్చేవాళ్లు ముందు ఒక్క మాట వినండి. గది బుక్ చేసేటప్పుడు ఏసీ, గీజర్ సంగతి తర్వాత. "విదేశీ పాస్‌పోర్టు వాళ్లకి గది ఇస్తారా? సి-ఫారం మీరే పెడతారా?" అని మొదట అడగండి. (విదేశీ అతిథుల వివరాలు హోటల్‌వాళ్లు ప్రభుత్వానికి పంపే పత్రమే సి-ఫారం.) ఇస్తామన్న మాట వాట్సాప్‌లో రాయించుకోండి. గోపాల్‌పూర్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక హోటల్‌లో మాకు జరిగింది మరొకరికి జరగకూడదు.

మా అక్క కూతురు ఒసాకాలో ఉద్యోగం చేస్తోంది. అక్కడే పరిచయమైన జపాన్ అబ్బాయితో పెళ్లి కుదిరింది. బావగారిది బరంపురం. తాతల కాలం నుంచి అక్కడే ఉన్న తెలుగు కుటుంబం, ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. పెళ్లి సొంతూళ్లోనే జరగాలని ఆయన పట్టు. మాఘమాసం అనుకున్నాం. హాలు, బట్టలు, భోజనాలు అన్నీ కళ్లారా చూసుకుందామని అబ్బాయి అమ్మానాన్నలు క్యోటో నుంచి వచ్చారు. మాటలు అటూ ఇటూ అందించడానికి పిల్లా, అబ్బాయీ తోడు. నేను విశాఖ నుంచి వందే భారత్‌లో వెళ్లి కలిశాను. ఆ బండి బరంపురంలో ఆగుతుంది, నాలుగు గంటల లోపు ప్రయాణం, దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

వియ్యంకుడుగారికి మోకాలి ఆపరేషన్ అయింది, కింద కూర్చోలేరు. అక్కావాళ్ల పాత ఇంట్లో ఇండియన్ టాయిలెట్లే. అందుకే గోపాల్‌పూర్‌లో మూడు గదులు, రెండు రాత్రులకి బుక్ చేశాం. గదికి రాత్రికి 6,800 చొప్పున మొత్తం 40,800 రూపాయలు ముందే కట్టించుకున్నారు. పాస్‌పోర్టు కాపీలు కూడా పిల్ల ముందుగానే మెయిల్ చేసింది. భువనేశ్వర్ ఎయిర్‌పోర్టు నుంచి ఇన్నోవాలో, టోల్‌తో కలిపి 5,200 ఇచ్చి, హోటల్‌కి చేరేసరికి రాత్రి పది కావస్తోంది.

రిసెప్షన్‌లో కుర్రాడు ఎర్రటి జపాన్ పాస్‌పోర్టులు చూడగానే లోపలికెళ్లి మేనేజర్‌ని పిలుచుకొచ్చాడు. ఆయన కూర్చోమని కూడా అనలేదు. "ఫారినర్స్‌కి ఇవ్వం. పోలీసులతో మాకెందుకు తలనొప్పి? మీ ఇండియన్స్ కావాలంటే ఉండండి, వాళ్లని వేరే చోటికి తీసుకెళ్లండి" అన్నాడు. కాపీలు పంపాం కదా అంటే మెయిల్ చూడలేదన్నాడు. డబ్బు అడిగితే వచ్చిన రోజు రద్దు చేసుకుంటే వాపసు లేదని గోడ మీది బోర్డు చూపించాడు. రద్దు చేసుకుంటోంది మేమా? జీవితంలో ఎవరినీ గట్టిగా మాట అనని బావగారు ఆ రాత్రి కౌంటర్ మీద చెయ్యి చరిచారు.

ఇదంతా జరుగుతుంటే వియ్యపురాలు తలుపు పక్కన చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. తమ వల్ల ఏమైనా తప్పు జరిగిందా అని పిల్లని మెల్లగా అడిగింది. వియ్యంకుడుగారు ఇంకో అడుగు ముందుకేసి, మీకు ఇబ్బంది కలిగించామంటూ ఆ కుర్రాడికి నడుం వంచి నమస్కారం చేశారు. పదిహేను గంటలకు పైగా ప్రయాణం చేసి వచ్చిన పెద్దాయన, డబ్బు కట్టిన హోటల్‌లో, తన తప్పు ఏమీ లేకుండా. అక్క ఏడ్చేసింది. నాకు ఇప్పటికీ ఆ దృశ్యం తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

అసలు ఆ ఫారం పెద్ద పనేమీ కాదు. విదేశీయులు దిగిన 24 గంటల్లోగా వాళ్ల పాస్‌పోర్టు, వీసా వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి, అంతే. ఆ బద్ధకానికి పోలీసుల పేరు చెప్పి మనుషుల్ని రోడ్డు మీద నిలబెట్టారు. డబ్బు విషయంలో 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాం. సగం తిరిగిచ్చారు, మిగతా సగం కోసం బావగారు వెంటపడుతూనే ఉన్నారు.

ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్నది బరంపురం స్టేషన్ దగ్గర ఒక చిన్న లాడ్జి. గోపాల్‌పూర్ నుంచి 16 కిలోమీటర్లే. యజమాని మన తెలుగాయనే, సోంపేట వైపు మనిషి. నిద్రలోంచి లేచి వచ్చి, తనే కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌పోర్టు నంబర్లు కొట్టి, "ఇంతేనమ్మా, ఐపోయింది" అన్నాడు. గది 1,850. లిఫ్ట్ లేదు, గోడలకి సున్నం పెచ్చులూడింది, కానీ దుప్పట్లు ఉతికినవి, కమోడ్ ఉంది. పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ పంపించి ఆ డబ్బులు తీసుకోలేదు. మిగతా రోజులన్నీ అక్కడే ఉన్నాం. పెళ్లికి వచ్చే జపాన్ చుట్టాలకి కూడా అక్కడే పదకొండు గదులు మాట్లాడేశాం.

మర్నాడు దేశీబెహరా వీధి వైపు పట్టు కోసం వెళ్లాం. అక్కడ మాత్రం మా వియ్యపురాలు కొత్త మనిషైపోయింది. బరంపురం పట్టు నేసేది దేరా కులస్థులు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే బుఢీ ఠాకురాణి జాతరకి పెద్దరికం వహించే దేశీబెహరా కూడా ఈ నేతవాళ్లే. (జాతర జరిగే ఏడాది ఆ నెలలో బరంపురంలో పెళ్లి పెట్టుకోకండి, గదులు దొరకవు, వీధుల్లో కారు కదలదు.) ఇక్కడి ప్రత్యేకత చీరకి తోడు జోడు, అంటే పెళ్లికొడుకు కట్టుకునే పట్టు పంచె, ఉత్తరీయం. రెండింటి అంచుల్లోనూ గుడి గోపురాల్లా కుంభాలు వరసగా తీరి ఉంటాయి. భౌగోళిక గుర్తింపు కూడా ఈ చీరకీ జోడుకీ కలిపే వచ్చింది.

వియ్యపురాలి పుట్టిల్లు క్యోటోలో నిషిజిన్ అనే మగ్గాల పేట. ఆవిడ గుంట మగ్గం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. నాడె అటూ ఇటూ తిరుగుతుంటే ఆవిడ తల కూడా దానితో పాటే కదిలింది. అంచు దగ్గర పేక రంగు మారే చోటికి వేలు పోనిచ్చి, తాకకుండా గాలిలోనే ఆపి, నేతాయన వైపు చూసింది. ఆయన తల ఊపాక తాకింది. ఇద్దరికీ మధ్య మాటలు కలిసింది లేదు, పిల్ల మధ్యలో ఉండి చెప్పాల్సిన అవసరమూ పెద్దగా రాలేదు. చివరికి ఆవిడ సంచిలోంచి టేపు తీసి, నాలుగున్నర మీటర్ల పొడవు, ముప్ఫై ఒక్క సెంటీమీటర్ల వెడల్పు చూపించింది. కిమోనో నడుముకి కట్టే ఓబీ పట్టీ కొలత అది. అదే కుంభాల అంచుతో నేసివ్వగలరా అని అడిగింది. అంత సన్న వెడల్పు నెయ్యాలంటే మగ్గం సర్దుకోవాలి, పెళ్లినాటికి ఇస్తానన్నాడు. 9,000 అడిగాడు. అక్క బేరం మొదలుపెట్టబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, అడ్వాన్సు నోట్లు రెండు చేతులతో ఆయనకి అందించింది. చీర 16,500కి, జోడు 7,800కి తీసుకున్నాం. ఇదే చీరకి బజారు షోరూంలో 21,000 చెప్పారు. నేరుగా మగ్గం దగ్గరికే వెళ్లండి.

బట్టల దగ్గర గొడవ పడాల్సి వస్తుందనుకుంటే అన్నీ సాఫీగా కుదిరాయి. వాళ్ల పెళ్లికూతురు తల నుంచి పాదం దాకా తెల్లని షిరోముకు అనే పెళ్లి కిమోనో కట్టుకుంటుంది. పెళ్లికి తెలుపేమిటని అక్క ముఖం చిన్నబుచ్చుకుంది. మన మధుపర్కాలు తెలుపే కదా, ఎర్ర అంచు తెల్ల బట్ట అని బావగారు అన్నారు. వాళ్లకీ ఎరుపు తెలుపు కలిస్తే శుభమేనట. గౌరీపూజకి బరంపురం పట్టు, తాళి వేళకి మధుపర్కాలు, సాయంత్రం షిరోముకు అని తేలింది.

ముహూర్తం మాత్రం ఓ పట్టాన తెగలేదు. వాళ్లకి ఆరు రోజులకోసారి తిరిగే మంచిచెడుల లెక్క ఉంది. అందులో 'తైఆన్' పెళ్లికి మేలైన రోజు, 'బుత్సుమెత్సు' అస్సలు పనికిరాదు, ఆ రోజుల్లో అక్కడ పెళ్లి హాళ్లు రేటు తగ్గించి ఇస్తాయి. మా సిద్ధాంతిగారు రాసిన తారీఖుల్లో ఒకటి సరిగ్గా తైఆన్ నాడే పడింది. అందరం సంతోషించాం. కానీ లగ్నం అర్ధరాత్రి దాటాక 12 గంటల 50 నిమిషాలకి. మనకి సూర్యోదయం అయ్యేదాకా అదే రోజు. వాళ్లకి పన్నెండు కొట్టగానే రోజు మారిపోతుంది, తైఆన్ తర్వాత వచ్చేది చెడ్డ రోజు. వియ్యపురాలు క్యాలెండర్ మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది. మా వంశంలో పెళ్లిళ్లన్నీ రాత్రిపూటే జరిగాయని అక్క. పూటంతా ఇద్దరూ ఒకరికొకరు కాఫీ అందించుకున్నారు గానీ ముఖాలు చూసుకోలేదు. సిద్ధాంతిగారు మళ్లీ పంచాంగం తిరగేసి, అదే తైఆన్ నాడు ఉదయం 10 గంటల 38 నిమిషాలకి లగ్నం తీశారు. అక్క మెత్తబడింది. ఇలాంటి పెళ్లి తలపెట్టినవాళ్లు రెండు క్యాలెండర్లూ ముందే సిద్ధాంతి చేతిలో పెట్టండి, తారీఖుతో పాటు గంట కూడా చూడమనండి.

హాళ్లు మూడు చూశాం. ఊరి మధ్య ఏసీ హాలు 24 గంటలకి 1,40,000, కరెంటు, జనరేటర్ డీజిల్ వేరే, పైగా డెకరేషన్ వాళ్ల మనిషికే 80,000కి ఇవ్వాలి. మాట్లాడుతున్నంతసేపూ మేనేజర్ ఫోన్ దించలేదు. వద్దనుకున్నాం. గోపాల్‌పూర్ బీచ్ ఒడ్డున లాన్ 2,20,000. ఫొటోలకి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ఆ గాలికి హోమగుండం నిలవదు, పిల్ల కళ్లల్లోకి పొగ తప్ప మిగిలేదేమీ ఉండదు. చివరికి తెలుగు సంఘంవాళ్ల పాత కల్యాణమండపం ఖాయం చేశాం. 48,000. ఏసీ లేదు, మాఘమాసంలో అక్కర్లేదు కూడా. వంటిల్లు విశాలంగా, శుభ్రంగా ఉంది. కమోడ్లు రెండే, ఇంకో రెండు పెట్టిస్తామన్నారు.

అక్కడ మద్యం చుక్క కూడా కూడదు. వాళ్ల పెళ్లిలో ముఖ్యమైన తంతేమో సాన్-సాన్-కుదో. చిన్నా పెద్దా మూడు గిన్నెల్లో బియ్యంతో చేసే మద్యం సాకే పోసి, వధూవరులు ఒక్కో గిన్నెనీ మూడేసి గుక్కలుగా తాగుతారు. ఎలా చెప్పాలా అని మేం తర్జనభర్జన పడుతుంటే వియ్యంకుడుగారే, తాగనివాళ్లు గిన్నె పెదవులకి తాకిస్తే చాలు, మీ పెద్దల నియమం మాకూ నియమమే అన్నారు. లేత కొబ్బరినీళ్లతో చేయిద్దామని నిర్ణయించాం. మూడు గిన్నెలూ వాళ్లే క్యోటో నుంచి తెస్తారు.

రిజిస్ట్రేషన్ కోసం ఎవరూ తొందరపడి డబ్బు పారేసుకోకండి. హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది (ఆ చట్టం లెక్కలో బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా అందులోకే వస్తారు). మతంతో పని లేని దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు నోటీసుకి ముందు 30 రోజులు ఆ జిల్లాలో నివసించి ఉండాలి, నోటీసు ఇచ్చాక అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగాలి, పెళ్లికి ముగ్గురు సాక్షులు కావాలి. ఆఫీసు బయట ఒక మధ్యవర్తి 15,000 ఇస్తే ఇవేవీ అక్కర్లేదన్నాడు. బావగారు అక్కడి నుంచి మమ్మల్ని లాక్కొచ్చేశారు. సెలవు అన్నాళ్లు దొరకదు కాబట్టి, భారత రాయబార కార్యాలయం కాగితంతో పిల్లలు జపాన్‌లో వార్డు ఆఫీసులోనే నమోదు చేసుకుంటారు. అక్కడ దరఖాస్తు మీద సంతకాలే పెళ్లి, ఇద్దరు సాక్షులు చాలు.

ఒక రోజు తప్తపాని వెళ్లొచ్చాం, బరంపురానికి 50 కిలోమీటర్లు. గంధకపు వేడినీటి ఊట చూడగానే వియ్యంకుడుగారు ప్యాంటు మడిచి మోకాళ్ల దాకా కాళ్లు ముంచి కూర్చున్నారు, లేవమంటే లేవలేదు. అటునుంచి చంద్రగిరి టిబెటన్ల స్థావరం, జిరంగ్ బౌద్ధ మహావిహారం చూశాం. 2010లో దలైలామా ప్రారంభించిన విహారం అది. పెళ్లి మర్నాడు చుట్టాలందర్నీ ఇక్కడికే తీసుకురావాలి.

వంటాయన ఆకుకి 420 చెప్పాడు. రుచి చూపిస్తే పులిహోర, ముద్దపప్పు, చారు వియ్యంకులకి బాగా నచ్చాయి, చారు రెండుసార్లు అడిగారు. గుత్తివంకాయలో కారం వాళ్ల బంతికి సగం చెయ్యమన్నాం.

చదివింపుల దగ్గర రెండు వైపులా ఒకటే తీరు. మనం 1,116 రాయిస్తే వాళ్లు 30,000 యెన్‌లు, అంటే పదివేల నోట్లు మూడు. నోట్ల లెక్క సరిసంఖ్య అయితే సగానికి విడిపోతుందని బేసిగా, కొత్త నోట్లే కవరులో పెడతారు. వచ్చినవాళ్లని ఒట్టి చేతులతో పంపకపోవడం కూడా మనలాగే. తాంబూలం సంచిలో నాలుగు వస్తువులు మాత్రం ఉండకూడదు, ఆ అంకె వాళ్లకి చావుని గుర్తుచేస్తుంది. అందుకని ఐదు పెడుతున్నాం: బరంపురం అప్పడాల కట్ట 60, పలాస జీడిపప్పు పావుకిలో 230, జాకెట్ ముక్క 75, కుంకుమ భరిణె 40, గంజాం జిల్లాలోనే బెలగుంఠలో చేసే ఇత్తడి చేప, చిన్నది 450. పొలుసు పొలుసుకీ కీలు ఉంటుంది, అరచేతిలో పెడితే ఒళ్లు విరుచుకుంటూ కదులుతుంది. సంచితో కలిపి ఒక్కోటి 880 పడుతోంది. అక్క మిఠాయి కూడా పెడదామంటోంది. అప్పుడు ఆరవుతాయి, ఏడోది వెతకాలి. ఆవకాయ సీసా విమానంలో కారుతుందని నేను వద్దంటున్నాను.