స్విమ్మింగ్ పూల్‌లో పాచికి క్లోరిన్ బిళ్లలా, లిక్విడ్ క్లోరినా? రెండూ ఏళ్ల తరబడి వాడాక నా మాట

చంద్రగిరి దగ్గర మా ఇంటి పూల్ 40,000 లీటర్లది. రోజువారీ వాడకానికి నా ఓటు లిక్విడ్ క్లోరిన్‌కే.

బిళ్లలు చెడ్డవని కాదు. తేలే డబ్బాలో వేసి వదిలేస్తే వాటంతట అవే కరుగుతాయి, ఊరెళ్లేటప్పుడు ఇప్పటికీ అవే వేసి వెళ్తాను. కానీ టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసయనూరిక్ ఆసిడ్) అనే ఈ బిళ్లలో క్లోరిన్‌తో పాటు సయనూరిక్ ఆసిడ్ కూడా ఉంటుంది. ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా కాపాడేది అదే, మన తిరుపతి ఎండలకు అది 30 నుంచి 50 పీపీఎం (లీటరు నీటికి మిల్లీగ్రాములు) ఉండాల్సిందే. చిక్కల్లా, క్లోరిన్ ఖర్చయిపోతుంది గానీ ఇది నీళ్లలోనే పేరుకుంటుంది. మా పూల్‌లో 200 గ్రాముల బిళ్ల ఒకటి కరిగితే ఇది 2.7 పీపీఎం దాకా పెరుగుతుంది, నెలకు 20 బిళ్లలంటే ఎంతో మీరే లెక్కేసుకోండి. 100 చేరిందంటే టెస్ట్‌లో క్లోరిన్ 3 చూపిస్తున్నా పాచి ఆగదు. నీళ్లు తేటగానే ఉంటాయి, మెట్ల మూలలోనో నిచ్చెన వెనక నీడపట్టునో కాలు పెడితే మాత్రం జర్రున జారుతుంది. అప్పుడు సగం నీళ్లు తీసేసి కొత్తవి నింపడమే దారి. మే నెలలో ట్యాంకర్లతో పూల్ నింపడమంటే ఎంత టెన్షనో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

లిక్విడ్‌లో సయనూరిక్ ఉండదు కాబట్టి ఈ బాధ లేదు. 10 శాతంది లీటరు పోస్తే మాకు క్లోరిన్ 2.5 పీపీఎం పెరుగుతుంది. పొద్దు గూకాక, పంపు తిరుగుతుండగా పోస్తాను. నిల్వ ఉంచితే, అందులోనూ ఎండ తగిలితే, బలం తగ్గిపోతుంది కాబట్టి చిన్న క్యాన్లే తెచ్చుకోండి. నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత) 7.2 నుంచి 7.6 మధ్య ఉంచాలి, వాయుగుండం వానలు పడ్డాక ఆ రోజే టెస్ట్ చేయాలి.

పాచి పట్టేసిందా, ముందు బ్రష్‌తో గోడలు, నిచ్చెన వెనక, లైట్ చుట్టూ గట్టిగా రుద్దండి. సయనూరిక్ 40 ఉంటే క్లోరిన్‌ను 16కు పెంచి, తగ్గినప్పుడల్లా మళ్లీ పోస్తూ, ఫిల్టర్ ఆపకుండా నడిపి, మధ్యలో బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి పంపి ఫిల్టర్ కడగడం) చేస్తుండాలి. రాత్రి కొలిచిన క్లోరిన్ తెల్లారేసరికి 1 పీపీఎం కంటే ఎక్కువ పడిపోకపోతే పాచి చచ్చినట్టు. అందాకా పిల్లల్ని దిగనివ్వద్దు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమని చాలామంది చెప్తారు. పాచి పోతుంది నిజమే, కానీ రాగి నీళ్లలో మిగిలి గోడలకు మరకలు పడతాయి, జుట్టుకు పచ్చ రంగు పడుతుంది. నేను వద్దంటాను.

డబ్బు పెట్టాల్సింది చుక్కల టెస్ట్ కిట్ మీద. సయనూరిక్ కొలిచే గొట్టంలో, కిట్‌లోని మందు కలిపిన పూల్ నీళ్లు పోస్తూ అడుగున నల్లచుక్క ఎక్కడ మాయమవుతుందో చూస్తే చాలు, అంకె తెలిసిపోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా: బిళ్లలు, లిక్విడ్, పీహెచ్ తగ్గించే ఆసిడ్ దేన్నీ ఇంకోదాంతో కలపకండి, ఒకే మగ్గు కూడా వాడకండి. విషవాయువు వస్తుంది, పేలే ప్రమాదమూ ఉంది.