సిక్ లీవులకు స్కోరు వేయడమా, కారణం వెతకడమా: ఏది మేలు?

మున్సిపాలిటీల్లాంటి స్థానిక సంస్థల్లో సిక్ లీవుల మీద నిఘా పెట్టడానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. మనిషికో స్కోరు వేయడం, సెక్షన్ మొత్తం పనిదినాల్లో సెలవులకు పోయినవెన్నో శాతం తీయడం, సెలవు నుంచి తిరిగొచ్చిన వాళ్లతో కూర్చుని మాట్లాడటం.

స్కోరు అంటే బ్రాడ్‌ఫర్డ్ ఫ్యాక్టర్. 52 వారాల్లో ఎన్నిసార్లు సెలవు పెట్టారో ఆ సంఖ్యను దాంతోనే హెచ్చవేసి, మొత్తం రోజులతో మళ్లీ హెచ్చవేస్తారు. ఆపరేషన్ అయి ఏకధాటిగా 10 రోజులు ఇంట్లో ఉన్నవాళ్లకు 10 వస్తుంది, రోజు చొప్పున 10 సార్లు ఆగినవాళ్లకు 1000. ఉన్నట్టుండి ఒకరు రాకపోతే కౌంటర్ ఆగిపోతుంది కాబట్టి చిన్న సెలవులకు బరువు ఎక్కువ వేశారు, అంతవరకు ఒప్పుకుంటాను. మరి మైగ్రేన్ ఉన్నామె సంగతేంటి? నాలుగుసార్లు ఒక్కో రోజు ఆగితే 64, ఐదోసారి ఆగితే ఒకేసారి 125. ఆ టెన్షన్‌తో ఆమె మాత్ర మింగి వచ్చి, కిటికీ తెర లాగేసి, స్క్రీన్ వెలుతురు తగ్గించుకుని, ఒక కన్ను మూసుకుని పన్ను రసీదులు కొడుతుంది. రిజిస్టర్లో మాత్రం హాజరు పడుతుంది. ఇది ఆరోగ్యాన్ని గమనించడం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

శాతం కాస్త నయం. 20 మందికి నెలలో 22 పనిదినాల చొప్పున 440 రోజులు, అందులో 22 పోతే 5 శాతం. కానీ ఆ 22 రోజులూ ఒకరి కాలు విరిగి పోయాయా, చెత్తబండ్లు లాగి లాగి అందరికీ నడుం పట్టేసి పోయాయా అన్నది శాతం చెప్పదు, పక్కన కారణం కూడా రాసుకోవాలి. రాసుకుంటే తప్పు మనిషిదో పనిదో తెలుస్తుంది. ఫిన్లాండ్‌లోని రైసియో పట్టణంలో 1990ల మాంద్యం నాటి మున్సిపల్ ఉద్యోగులను గమనించిన పరిశోధన 1997లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది: సిబ్బందిని బాగా తగ్గించిన చోట, అంతగా తగ్గించని చోటి కంటే మెడికల్ సర్టిఫికెట్‌తో సెలవు పెట్టే ముప్పు 2.3 రెట్లు ఎక్కువ. మనిషి మనిషికీ వేసే స్కోరులో ఇలాంటిది కనిపించదు.

ఇక మాట్లాడటం. సంజాయిషీ అడిగినట్టు కాకుండా "ఇప్పుడెలా ఉంది, ఏ పని కష్టమవుతోంది" అని అడిగితే దీన్ని మించింది లేదు. ఫిన్లాండ్‌లో సెలవు 30 రోజులు దాటితే ఉద్యోగుల ఆరోగ్యం చూసే వైద్యులకు యజమాని తెలియజేయాలి, నెలల తరబడి మరిచిపోవడం కుదరదు. జబ్బు పేరు డాక్టరు దగ్గరే ఉండాలి, సూపర్‌వైజర్‌కు "రెండు నెలలు బరువులు ఎత్తించొద్దు" అన్న మాట చాలు.

నా ఓటు కారణాలతో కూడిన శాతానికి, దాంతోపాటు ఇలా కూర్చుని మాట్లాడటానికి. స్కోరు తీసేయాలి. ఒక్క జాగ్రత్త: ముగ్గురే ఉన్న సెక్షన్‌లో కారణాలు బయటపెడితే ఎవరి జబ్బో ఇట్టే తెలిసిపోతుంది, అలాంటి చిన్న సెక్షన్లను పక్క సెక్షన్‌తో కలిపి లెక్కగట్టాలి.