గన్ చెంపకు కుదరాలి: నాలుగేళ్లు వాడిన అడ్జస్టబుల్ స్టాక్‌పై సమీక్ష

12 బోర్ ఓవర్-అండర్ (బారెళ్లు ఒకదాని మీద ఒకటి ఉండే) షాట్‌గన్, 30 అంగుళాల బారెళ్లు, స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) మీద ఎత్తు మార్చుకునే కోంబ్ (చెంప ఆనే పైఅంచు), వెనక స్పేసర్లు (పొడవు పెంచే పలకలు) పెట్టుకోగల రబ్బరు ప్యాడ్. చెన్నై ఎండలో, తేమలో నాలుగేళ్లు ట్రాప్‌కు, అంటే దూరంగా ఎగిరిపోయే మట్టి పళ్లేలను (క్లేలను) కాల్చే పోటీకి, వాడాక తేలింది ఒకటే. కొత్త గన్ కొనే డబ్బులోంచి కొంత ముందే ఫిట్టింగ్‌కు తీసి పెట్టుకోవాలి. ఎంత ఖరీదైన గన్నయినా చెంపకు కుదరకపోతే ప్రతి క్లేకీ మెడ వంచి సర్దుకోవాల్సిందే. అలసట వచ్చేసరికి ఆ సర్దుబాటు తప్పుతుంది.

షాట్‌గన్‌కు వెనక సైట్ ఉండదు, ఆ పని చేసేది మన కన్నే. అది రిబ్ (బారెల్ పైనుండే పొడవాటి పట్టీ) మీద ఏ ఎత్తులో నిలవాలో చెంప కింది కోంబ్ నిర్ణయిస్తుంది. కంటి నుంచి బారెల్ మూతి దాకా సుమారు గజం దూరం. 16 గజాల దూరంలో కాగితం పెడితే తేడా 16 రెట్లవుతుంది. అంటే కోంబ్ దగ్గర వీసం అంగుళం మారితే కాగితం మీద గుళ్ల గుంపు అంగుళం జరుగుతుంది. వీసమంటే పదహారో వంతే కాబట్టి లెక్క నోటితోనే తేలిపోతుంది.

మొదట స్టాక్ పొడవు చూసుకోవాలి. కోంబ్ వెనక్కి వాలుగా ఉన్న స్టాక్‌లో పొడవు మారితే చెంప ఆనే చోటూ, దాంతో ఎత్తూ మారిపోతాయి. ట్రిగ్గర్ ముందువైపు మధ్య నుంచి ప్యాడ్ మధ్య దాకా కొలవాలి. ఇటలీ గన్లు ఎక్కువగా పద్నాలుగున్నర అంగుళాల దగ్గర, కొన్ని ఇంకాస్త పొడవుగా వస్తాయి. మధ్యరకం ఎత్తున్న మనవాళ్లకు అది చాలాసార్లు ఎక్కువే. మోచేతి మడతలో ప్యాడ్ ఆనించి వేలు ట్రిగ్గర్‌కు అందుతోందా అని చూసే పాత పద్ధతిని నమ్మవద్దు. మెడ పొడవు, ఛాతీ వెడల్పు అందులో లెక్కకు రావు. గన్ ఎత్తి పట్టాక ముక్కుకూ బొటనవేలి మొదలుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉంటే సరిపోతుంది. స్టాక్ పొడవైతే ప్యాడ్ చంకలో తట్టుకుంటుంది, భుజం గుంటలో కాకుండా చేతి మీద కూర్చుంటుంది. పొట్టిదైతే బొటనవేలు ముక్కుకు తగులుతుంది.

తర్వాత కోంబ్. గన్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, కళ్లు మూసుకుని అద్దం ముందు మామూలు వేగంతో ఎత్తండి. కళ్లు తెరిచేసరికి కంటి నల్లగుడ్డు రిబ్ మధ్య నిలిచి, దాని కింది అంచు రిబ్‌కు ఆనుతున్నట్టు ఉండాలి. రిబ్ కనబడకుండా గన్ వెనక భాగమే అడ్డు వస్తే కోంబ్ తక్కువ. రిబ్ రోడ్డులా పరుచుకుని కనిపిస్తే ఎక్కువ. నల్లగుడ్డు పక్కకు ఉంటే స్టాక్ అడ్డం వంపు, అంటే కాస్ట్, మార్చాలి. కుడిచేతివాళ్లకు అది కుడివైపు. కానీ కుడిచేతివాళ్లకు ఎడమ కన్ను బలమైనదైతే కాస్ట్‌తో పని జరగదు. కళ్లజోడు ఎడమ అద్దం మీద చిన్న టేపు ముక్క అంటించి చూడాలి.

అద్దం చూపేది సగమే. అసలు తీర్పు కాగితానిది. ఎప్పుడూ వాడే 24 గ్రాముల కాట్రిడ్జి, బిగుతు చోక్ (బారెల్ మూతి దగ్గరి ఇరుకు), 16 గజాల దూరం, మధ్యలో చిన్న గుర్తు. గురి చూడకుండా గన్ ఎత్తగానే కాల్చాలి. అదే కాగితం మీద ఎనిమిది పది సార్లు పేలిస్తేనే గుంపు నడుమ ఎక్కడుందో తెలుస్తుంది. ట్రాప్‌లో క్లే పైకి లేస్తూ పోతుంది కాబట్టి గుళ్లలో ఎక్కువ భాగం గుర్తుకు పైన పడేలా పెట్టుకోవడం మేలు. క్లేలు అడ్డంగా దూసుకెళ్లే స్కీట్‌ పోటీకి సగం పైన, సగం కింద. స్కీట్‌లో గన్ నడుము దగ్గర నుంచి లేవాలి కనుక ప్యాడ్ పైమూల నున్నగా ఉండి, స్టాక్ కాస్త పొట్టిగా ఉంటే బట్టలకు తట్టుకోదు.

ప్యాడ్ కింది మొన ఒక్కటే ఛాతీలో గుచ్చుకుంటుంటే పిచ్, అంటే ప్యాడ్ వాలు, తక్కువైందన్నమాట. పైవైపు మందంగా ఉండే స్పేసర్ వేస్తే సర్దుకుంటుంది.

ఇక లోపాలు. అడ్జస్టబుల్ కోంబ్ రెండు కడ్డీల మీద నిలబడుతుంది, పక్క నుంచి అలెన్ స్క్రూలు బిగిస్తాయి. పేలుడు కుదుపుకు అవి మెల్లగా వదులవుతాయి. కోంబ్ జారినా చూసి తెలుసుకోలేము, స్కోరు మాత్రం పడిపోతుంది. అందుకే కడ్డీల కింద వాషర్లు పేర్చి ఎత్తు నిలబెట్టుకుని, వాషర్ల లెక్క నోట్‌బుక్‌లో రాసుకోవాలి. స్క్రూలకు నీలిరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) చుక్క చాలు. చెన్నైలో చెంప చెమట ఆ కడ్డీల సందుల్లోకి దిగి తుప్పు పట్టిస్తుంది. ప్రతి ప్రాక్టీసు తర్వాత కోంబ్ ఊడదీసి తుడిచి, నూనె పూయడం తప్పదు. కారు డిక్కీ వేడికి కొన్ని రబ్బరు ప్యాడ్లు జిగటగా మారతాయి కూడా.

కర్ర స్టాక్‌ను వేడి నూనెతో వంచే పద్ధతి ఒకటుంది. పనితనం బాగుంటే చక్కగా కుదురుతుంది గానీ తేమకు కొంత వెనక్కి తిరిగే గుణముంది. వంచిన స్టాక్‌ను ఈశాన్య రుతుపవనం అయ్యాక, జనవరిలో మళ్లీ కాగితం మీద చూడాలి. రిసీవర్‌కూ (ట్రిగ్గర్ ఉండే లోహపు భాగం) స్టాక్‌కూ మధ్య పెట్టే షిమ్ములు (సన్న పలకలు) ఉన్న గన్‌కు వంచే పని పెట్టుకోకండి, ముందు షిమ్ మార్చి చూడండి. స్టాక్ బోల్టు మరీ బిగిస్తే కర్ర చీలుతుంది, వదిలేస్తే స్టాక్ కదులుతుంది.

చలికాలంలో ఢిల్లీ తుగ్లకాబాద్‌లోని కర్ణీ సింగ్ రేంజ్‌కు పోటీకి వెళ్లేవాళ్లు సన్న స్పేసర్ ఒకటి వెంట తీసుకెళ్లాలి. చెన్నైలో పల్చటి టీషర్టు మీద కుదిరిన పొడవు స్వెటర్, జాకెట్ వేసేసరికి ఎక్కువైపోతుంది. ఒళ్లు పెరిగినా తగ్గినా చెంప మందం మారుతుంది, కోంబ్ లెక్కా మారుతుంది.

1959 ఆయుధ చట్టం ప్రకారం గన్ రిపేరు పని లైసెన్సున్నవాళ్లే చేయాలి. స్టాక్ కోయించే ముందు స్పేసర్లు, వాషర్లతో కనీసం నెల రోజులు కాల్చి చూడండి. కోసిన కర్ర మళ్లీ అతకదు.