పెద్ద టైర్లు గుంజుకున్న మూడో గేరు, తిరిగి తెచ్చిన 8/39 క్రౌన్: 41 వేల కిలోమీటర్ల తర్వాత

నల్లగొండ జిల్లాలోని మా తోటలో నుంచి ఏఎమ్మార్పీ సాగునీటి కాల్వ కట్ట మీదికి ఎక్కే దారి ఎనభై గజాలు కూడా ఉండదు. కానీ గట్టి ఎక్కుడు, పైగా ఎర్ర దుబ్బ. టన్నుంబావు బత్తాయితో నా పికప్ ఇప్పుడు దాన్ని రెండో గేరులో ఎక్కుతుంది. కట్ట మీద పడంగనే మూడోది వేస్తే ఆగకుండా అందుకుంటుంది. రెండేళ్ల కింద ఇదే బండి, ఇవే పెద్ద టైర్లు, ఇదే లోడు, అక్కడ మొదటి గేరులో మూలిగేది. మధ్యలో మారింది వెనక ఇరుసు నడుమ గుండులో, అంటే హౌసింగులో, ఇంజను తిప్పుడును చక్రాలకు అందించే పళ్ల చక్రాల జత మాత్రమే: చిన్నది పినియన్, పెద్దది క్రౌన్. ఆ మూడో గేరు కోసమే ఇదంతా రాస్తున్నాను.

కంపెనీ ఇచ్చిన 215/75 ఆర్ 15 టైర్లు తీసేసి, రిమ్ములతో సహా 7.50-16 లోతు పళ్ల లగ్గు టైర్లు వేశాను. ముందు చక్రం తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకోకుండా కమాన్ కట్టలో ఒక పట్టీ పెంచాల్సి వచ్చింది. సీజన్ కాపు దిగేది ఆగస్టు, సెప్టెంబరులో, వానలు పడేదీ అప్పుడే. పాత టైర్లతో హౌసింగు నేలకానేది, గుంజడానికి ట్రాక్టరు పిలిపించేవాణ్ని. కొత్తవి వేశాక ఒక్కసారి కూడా పిలవలేదు. అది చూసి గుర్రంపోడు, పీఏపల్లి దిక్కు ఎవరు అడిగినా ఇవే వేయించుకోండి అని చెప్పాను. ఆ మాటకిప్పుడు ఒక షరతు కలుపుతున్నాను. టైర్ల డబ్బుతో పాటు క్రౌన్ డబ్బు కూడా చేతిలో ఉంటేనే వేయించుకోండి.

ఎందుకంటే టైర్లు వేసిన వారానికే తారు రోడ్డు మీద తేడా తెలిసింది. కొండమల్లేపల్లి దాటి మాల్ వైపు పోతుంటే, ఎప్పుడూ మూడో గేరులో పోయే చిన్న చిన్న ఎక్కుళ్లు కూడా బండి ఎక్కలేకపోయింది. మూడోది వేస్తే ఇంజను గుద్దుకుంటుంది, రెండోది వేస్తే అరుస్తుంది. రెంటికీ నడుమ అసలు గేరే లేనట్టు ఉండేది. ఐదు నెలల్లో క్లచ్ ప్లేటు కాలిపోయింది. మీటరు ప్రకారం మైలేజీ 12 నుంచి 9.5కు పడింది. తప్పు చేశానని నిద్ర పట్టలేదు.

ఒకరోజు లోడు మీద ఉండగానే టైరుకు సుద్దముక్కతో గీత పెట్టి, బండిని నేరుగా ఒక్క చుట్టు నెట్టించి టేపుతో కొలిచాను. 245 సెంటీమీటర్లు. స్టెప్నీగా ఉంచుకున్న పాత రిమ్ములు తిరిగి ఎక్కించి కొలిస్తే 214. అంటే చక్రం ఒక్క చుట్టుకు నూటికి పద్నాలుగున్నర ఎక్కువ దూరం పోతోంది, ప్రతి గేరూ అంత బరువెక్కింది. మీటరు వైరు గేరుబాక్సు నుంచి వస్తుంది కాబట్టి దానికి ఈ సంగతి తెలియదు. బండి నిజంగా 60లో పోతుంటే అది 52 చూపిస్తుంది, 100 కిలోమీటర్లు తిరిగితే 87 రాస్తుంది. కాబట్టి ఆ 9.5 మైలేజీ నిజానికి 10.9. అది తెలిసిన రోజు సగం బరువు దిగింది.

నా హౌసింగులో ఉన్నది 11 పళ్ల పినియన్, 47 పళ్ల క్రౌన్, అంటే రేషియో 4.27: పినియన్ అన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. పెద్ద టైరుకు తగ్గట్టు దాన్ని 245తో గుణించి 214తో భాగిస్తే 4.89 వస్తుంది. మార్కెట్లో 8/39 జత దొరుకుతుంది, అది 4.88. ఇంత దగ్గరగా సరిపోతుందని నేను అనుకోలేదు.

ఇక నా తప్పు. కొత్త జత ధర చూసి వెనకాడి, తుక్కులో తీసిన సెట్టు 6,500కు కొన్నాను. అమ్మినాయన "ఒకే బండిదే అన్నా, నడిచిన బండిదే" అన్నాడు. బిగించిన మెకానిక్ పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నానికల్లా బండి చేతికిచ్చాడు. మూడో గేరు ఆ సాయంత్రమే తిరిగొచ్చింది. దాంతో పాటే ఒక ఊళ కూడా వచ్చింది. 40 దాటి ఎక్సలేటర్ వదిలితే వెనక నుంచి సన్నగా మొదలై, మళ్లీ తొక్కంగనే ఆగేది. "కొత్తలో అట్లనే ఉంటది, అరిగితే పోతది" అన్నారు. పోలేదు.

1,100 కిలోమీటర్లకు, బత్తాయి లోడుతో బాటసింగారం మార్కెట్టుకు పోతుంటే, చింతపల్లి దాటాక ఊళ కాస్తా గరగరగా మారింది. ఆపి దిగితే హౌసింగు మీద చెయ్యి పెట్టలేనంత వేడి, మాడిన నూనె వాసన. రాత్రి పదకొండు. మా ఊరి బండి ఇంకొకటి వచ్చేదాకా మూడు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నాం. ట్రేలన్నీ దాంట్లోకి మార్చేసరికి తెల్లారింది, వేలానికి అందలేదు. ఆ రోజు పోయిన రేటు కొత్త సెట్టు ధర కంటే ఎక్కువ.

నల్లగొండలో ఒక ముసలి ఉస్తాద్ దగ్గరికి తోలించుకుపోయాం. చాచా నూనె ప్లగ్గు విప్పి, కారే నూనెను అరచేతిలో పట్టి ఎండకు చూపించాడు. దాంట్లో జరీ పొడి లాగా ఇనుము మెరుస్తోంది. తర్వాత క్రౌన్‌నూ పినియన్‌నూ కిరసనాయిల్‌తో తోమి, రెండింటి మీదా చెక్కిన నంబర్లు చూపించాడు. వేరు వేరు నంబర్లు. "ఇవి పుట్టుకతోనే జతగా అరగదీస్తరు బేటా. ఒకదాని పన్ను ఇంకోదానికే తెలుస్తది. నీకు రెండు బండ్లవి కలిపి ఇచ్చిండ్రు" అన్నాడు. ఆ నంబర్లు చూసుకోవాలని నాకెవరూ చెప్పలేదు, అందుకే ఇక్కడ చెప్తున్నాను. కొత్తదైనా పాతదైనా, డబ్బు ఇచ్చే ముందు రెండు నంబర్లూ ఒకటేనా అని మీ కళ్లతో చూసుకోండి.

కొత్త జత, నాలుగు బేరింగులు, సీలు, కూలీ కలిపి నాకు 21 వేలు అయింది. చాచా చేసిన పని మాత్రం ఆ డబ్బుకు మించింది. సింధూరం నూనెలో కలిపి క్రౌన్ పళ్లకు బ్రష్షుతో పూసి, పినియన్‌ను చేత్తో తిప్పాడు. పన్ను మీద ఎర్ర రంగు చెరిగిన చోటే రెండూ తాకే చోటు. మొదటిసారి మార్కు పన్ను అడుగున పడింది. పినియన్ మరీ లోపలికి పోయిందని, బేరింగు లాగి దాని వెనక ఉండే పల్చటి రేకు, సిమ్ము, తగ్గించాడు. రెండోసారి కొస మీద పడింది. మళ్లీ లాగాడు. మూడోసారి పన్ను నడిమధ్యలో కోడిగుడ్డు ఆకారంలో మచ్చ పడితే, నన్ను పిలిచి టార్చి కొట్టి చూపించాడు. ఆ తర్వాత డయల్ గేజీ పెట్టి క్రౌన్‌ను అటూ ఇటూ కదిపి ప్లే, అంటే పళ్ల మధ్య సందు, చూశాడు. ఆరు థౌ వచ్చింది, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఆరు. పొద్దు గూకేదాకా పట్టింది. ముందు మెకానిక్ ఇవన్నీ ఒక్క పూటలో ఎట్లా చేశాడో ఇప్పుడు అర్థమవుతోంది. చేయలేదు.

మొదటి 500 కిలోమీటర్లు తక్కువ లోడుతో తిప్పి నూనె మార్చమన్నాడు, మార్చాను. అప్పటి నుంచి ఊళ లేదు, వేడి లేదు, మళ్లీ క్లచ్ ప్లేటు మార్చలేదు. మీటరు కూడా తనంతట తానే సరిపోయింది. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చూస్తే 60కి 60. మైలేజీ నిజం లెక్కన 11.3, అంటే పెరిగింది కొంచెమే. మైలేజీ కోసమైతే ఈ పని చేయించకండి.

బ్రేకులు గేరు మారిస్తే బాగుపడవు. పెద్ద చక్రాన్ని ఆపడానికి ఎక్కువ బలం కావాలి, నేను ఇప్పటికీ లోడుతో ముందే తొక్కడం మొదలుపెడతాను. దిగుడులో ఇంజను పట్టు మాత్రం టైర్లు ఒక్కటే మార్చినప్పటి కంటే బాగుంది. ఖాళీ బండితో మంచి రోడ్డు ఎక్కితే, టైర్లు మాత్రమే మార్చినప్పుడు టాప్ గేరులో ఉన్న నెమ్మది ఇప్పుడు లేదు, మళ్లీ పాత శబ్దమే. నాది వెనక చక్రాలే లాగే బండి కాబట్టి ఒక్క హౌసింగుతో సరిపోయింది. నాలుగు చక్రాలూ లాగే బండికి ముందు హౌసింగులోనూ ఇదే రేషియో వేయాలి, లేకపోతే గట్టి రోడ్డు మీద రెండూ ఒకదాన్నొకటి లాక్కుని ఏదో ఒకటి విరుగుతుంది. ఫిట్‌నెస్ దగ్గర టైరు సైజు అడుగుతారు, అది ముందే కనుక్కోండి.

మా బావమరిది మిర్యాలగూడలో బియ్యం తోలుతాడు, అంతా చదును రోడ్డే. నా బండి చూసి ఆశపడితే వద్దన్నాను. మా తోటలో దుబ్బ, ఆ కాల్వ కట్ట లేకపోతే నేనూ వేసేవాణ్ని కాదు. నా టైర్ల పళ్లు ఇప్పుడు సగానికి అరిగాయి. మొన్న మళ్లీ సుద్దగీత పెట్టి కొలిస్తే 243 వచ్చింది.