నడుము బెల్టు: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

నడుము పట్టేస్తే చాలామందికి డాక్టరుకంటే ముందు గుర్తొచ్చేది ఎల్‌ఎస్ (లంబోశాక్రల్, అంటే నడుము కింది భాగానికి కట్టే) బెల్టు. ఇక్కడ చెబుతున్నది మామూలు రకం గురించి. వీపు వైపు వెడల్పాటి పట్టీ, అందులో నిలువుగా నాలుగు లోహపు కమ్మీలు, ముందు వెల్క్రో, బిగింపు పెంచడానికి పక్కల నుంచి లాగే రెండు ఎలాస్టిక్ పట్టీలు ఉంటాయి. కొత్తగా పట్టేసిన నడుముకు కొద్దిరోజుల ఆసరాగా ఇది మంచి వస్తువే. నెలల తరబడి ఉన్న నొప్పికి మాత్రం ఇది చికిత్స కాదు. దీర్ఘకాలిక నడుము నొప్పిపై 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా బెల్టులను, ట్రాక్షన్‌ను (నడుమును సాగదీసి లాగే చికిత్సను) మామూలు చికిత్సలో భాగం చేయొద్దనే చెప్పాయి.

పొట్టను చుట్టూ నొక్కి పట్టడంతో లోపలి ఒత్తిడి కొంత పెరిగి నడుముకు దన్ను దొరుకుతుంది. ఒక్కసారిగా వంగబోతే కమ్మీలు ఒత్తుకుని ఆపుతాయి. బెల్టు చేయగలిగేది దాదాపు ఇంతే. నడుములోని ఐదు పూసల్లో ఏ ఒక్కదాన్నీ అది కదలకుండా పట్టి ఉంచలేదు. డిస్కు (పూసల మధ్య మెత్తటి దిండులా ఉండేది) సమస్యలు ఎక్కువగా వచ్చేది నాలుగో, ఐదో పూసల మధ్యా, ఐదో పూసకూ దాని కిందుండే త్రికాస్థి ఎముకకూ మధ్యా. అంత కింద దీని పట్టు మరీ తక్కువ. జారిన డిస్కును వెనక్కి నెడుతుందని డబ్బా మీద రాసి ఉంటే నమ్మకండి. బయటికి పొడుచుకొచ్చిన డిస్కు చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది, ఆ ఘనత బెల్టుది కాదు.

అందుకే కొనేముందు నొప్పి ఎలాంటిదో చూసుకోవాలి. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా కాలును ఇంకొకరి చేత మెల్లగా పైకి ఎత్తించుకోండి. 30 నుంచి 70 డిగ్రీల మధ్య పిరుదు నుంచి మోకాలి కిందిదాకా కరెంటు కొట్టినట్టు లాగితే నరం నొక్కుకుని ఉండొచ్చు. తొడ వెనక బిగుతుగా అనిపించడం మాత్రమే అయితే అది కండరం. తర్వాత మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు నడవండి. ఒక కాలు బలం చాలక దిగిపోతుంటే బెల్టు సంగతి పక్కన పెట్టి డాక్టరుకు చూపించాలి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం ఉంటే మర్నాటిదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్, కింద పడటం లాంటివి ఉన్నా పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఇక సైజు. ఎక్కువ ఫిర్యాదులు పుట్టేది ఇక్కడే. ప్యాంటు సైజు చెప్పి కొంటే కుదరదు. నిలబడి, ఊపిరి మామూలుగా వదిలి, బొడ్డు మీదుగా చుట్టూ టేపుతో కొలవండి. వెల్క్రో రెండు వైపులా సగానికి పైగా ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. అంచుల్లోనే అతుక్కుంటుంటే, కూర్చోగానే విడిపోతుంది.

పెట్టుకోవడంలో మామూలుగా జరిగే పొరపాటు బాగా పైకి కట్టడం. అలా కడితే పక్కటెముకలు ఒరుసుకుంటాయి, అన్నం తిన్నాక గుండెల్లో మంట వస్తుంది, అసలు నొప్పి ఉన్నచోట పట్టే ఉండదు. వెనక కింది అంచు పిరుదుల పైభాగాన్ని కప్పాలి, ముందు అంచు కూర్చున్నప్పుడు గజ్జల్లో గుచ్చుకోకూడదు. పల్చటి నూలు బనియను మీద, వీలైతే పడుకునే కట్టుకోండి. ముందు వెల్క్రో అతికించి, ఆ తర్వాతే పక్క పట్టీలు రెండూ సమానంగా లాగాలి. అరచేయి లోపలికి దూరాలి, గట్టిగా ఊపిరి తీస్తే అడ్డు పడకూడదు. హెర్నియా ఉన్నవాళ్లు, పొట్టకు ఆపరేషనైనవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా బిగించకూడదు.

ప్రయాణం, వంటపని, బరువులు తీయక తప్పని సమయాల్లో గంటా రెండు గంటలు చాలు. పడుకునేటప్పుడు తీసేయాలి. నొప్పి తగ్గేకొద్దీ వాడే సమయం తగ్గించుకుంటూ మానేయాలి. ఆ స్థానంలోకి రావాల్సింది నడక, వ్యాయామం. చేతులు, మోకాళ్ల మీద నిలబడి, కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనక్కి చాపి 8 నుంచి 10 సెకన్లు ఆగండి. తర్వాత వైపు మార్చండి. నడుము కిందికి కుంగిపోతుంటే కాలు కొంచెం దించాలి, ఎంత ఎత్తామన్నది ముఖ్యం కాదు. చేస్తుండగా నొప్పి కాలిలోకి దిగితే ఆపేసి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. రోజుల తరబడి మంచం పట్టి ఉండటం కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది.

మన్నిక విషయానికొస్తే, ముందు పాడయ్యేది వెల్క్రో. దారాలు, వెంట్రుకలు పట్టి పట్టు పోతుంది, పాత టూత్‌బ్రష్‌తో గీకితే కొంత తిరిగి వస్తుంది. ఉతికేముందు కమ్మీలు బయటికి తీసి, వెల్క్రో మూసి, గోరువెచ్చని నీళ్లలో చేత్తో ఉతికి నీడలో ఆరేయండి. వాషింగ్ మెషీన్‌లో వేస్తే ఎలాస్టిక్ త్వరగా సాగిపోతుంది. కమ్మీలు తీయడానికి వీల్లేకుండా కుట్టేసిన బెల్టు మాత్రం కొనకండి.