గోర్లోయిస్ రెండు కోటలు: టింటాజెల్, డిమిలియాక్

పురాణ రాజు ఆర్థర్ పుట్టుక కథలో బ్రిటన్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌కు డ్యూక్ గోర్లోయిస్. అతని భార్య ఇగెర్నాపై ఆర్థర్‌కు తండ్రి కాబోయే రాజు ఊథర్ కన్నుపడింది, దండు కదిలింది. గోర్లోయిస్ భార్యను టింటాజెల్‌లో దాచి, తాను డిమిలియాక్‌లో నిలిచాడు. 1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ రాసిన కథనం ఇది.

టింటాజెల్‌కు చుట్టూ సముద్రమే కాపలా. లోపలికి ఒకే ఇరుకు రాతి దారి. ముగ్గురు యోధులు అడ్డంగా నిలిస్తే రాజ్యమంతా దండెత్తినా ఆపగలరట. డిమిలియాక్‌ను మాత్రం ఊథర్ దండు చుట్టుముట్టింది. బయటికి రావడమే కొంప ముంచింది: గోర్లోయిస్ కొద్దిమందితో బయటపడి పోరాడి, మొదట్లోనే హతమయ్యాడు.

టింటాజెల్ పడింది యుద్ధంతో కాదు, వేషంతో. మాంత్రికుడు మెర్లిన్ ఇచ్చిన మందుతో ఊథర్ గోర్లోయిస్ రూపం దాల్చగానే కావలివాళ్లు తలుపు తీశారు. అహల్య కథ తెలిసినవారికి ఇది కొత్తేమీ కాదు.

నన్నడిగితే గోర్లోయిస్ కూడా టింటాజెల్‌లోనే ఉండాల్సింది. అసలు మనిషి లోపలుంటే అదే ముఖంతో వచ్చినవాడికి తలుపెవరు తీస్తారు?

నేడు అక్కడ కనిపించే శిథిలాలు మాత్రం 13వ శతాబ్దంలో కార్న్‌వాల్ ఎర్ల్ రిచర్డ్ కట్టించిన కోటవి. కథే ముందు, ఆ కోట తర్వాత.