పట్టికలకు నంబర్లు: చేత్తో వేయాలా, వర్డ్‌కు వదలాలా?

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి రైతుల మీద థీసిస్ అనుకుందాం. మూడో అధ్యాయంలో ఏడు పట్టికలు. అంతా అయ్యాక గైడ్ గారు "రెండో పట్టిక తర్వాత ధరల పట్టిక కూడా పెట్టమ్మా" అంటారు. ఇక 3.3 కాస్తా 3.4 అవుతుంది, చివరిది 3.8.

చేత్తో వేసి ఉంటే పట్టికల మీది నంబర్లు మార్చడం పెద్ద పనేం కాదు. అసలు తంటా వాక్యాల్లో ఉంటుంది. ఐదో అధ్యాయంలో "పట్టిక 3.5లో చూసినట్లు" అని రాసింది ఎవరికి గుర్తుంటుంది? ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ముందు 3.5ను 3.6 చేసి, ఆపైన 3.6ను 3.7 చేస్తే రెండూ కలిసిపోతాయి. చివరి నంబరు నుంచి వెనక్కి రావాలి. వైవాలో ఎగ్జామినర్ సరిగ్గా ఆ పేజీయే తెరిస్తే ఎంత టెన్షనో!

వర్డ్‌లో రిఫరెన్సెస్ ట్యాబ్‌లోకి వెళ్లి ఇన్సర్ట్ క్యాప్షన్ నొక్కండి. న్యూ లేబుల్‌లో "పట్టిక" అని తెలుగులోనే ఇవ్వవచ్చు. 3.2లా అధ్యాయం నంబరు కావాలంటే అధ్యాయాల శీర్షికలకు హెడింగ్ స్టైల్, ఆటోమేటిక్ నంబరింగ్ ముందే ఉండాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. వాక్యంలో నంబరును టైప్ చేయకుండా అదే ట్యాబ్‌లోని క్రాస్ రిఫరెన్స్‌తో తెచ్చుకోవాలి. కొత్త పట్టిక చేరాక కంట్రోల్ ఏ, ఎఫ్9 నొక్కితే అన్నీ సర్దుకుంటాయి. పట్టికల జాబితా కూడా వర్డే తయారుచేస్తుంది.

కమాండ్లు రాసి డాక్యుమెంట్ తయారుచేసుకునే లేటెక్ సాఫ్ట్‌వేర్ ఈ పని ఇంకా శుభ్రంగా చేస్తుంది. వాక్యాల్లో ప్రస్తావించడానికి పట్టికకు పేరు పెట్టే లేబుల్ కమాండ్‌ను క్యాప్షన్ తర్వాతే రాయాలి, ముందు రాస్తే పట్టిక నంబరుకు బదులు సెక్షన్ నంబరు వస్తుంది. సమీకరణాలు ఎక్కువుండే వరంగల్ నిట్ ఇంజనీరింగ్ విద్యార్థులకు నేను చెప్పేది లేటెక్కే. కాకతీయ యూనివర్సిటీలో తెలుగులోనో, సామాజిక శాస్త్రాల్లోనో రాసేవారికి మాత్రం యూనికోడ్ తెలుగుతో వర్డ్ చాలు.

రెండు మూడు పట్టికలుండే చిన్న వ్యాసానికైతే చేత్తో వేసుకోండి, నష్టం లేదు. అప్పుడు కూడా "పై పట్టికలో" అనకండి, పేజీలు సర్దేటప్పుడు అది కిందికి పోవచ్చు. నంబరుతోనే చెప్పండి. మీరే సేకరించిన లెక్కలైతే పట్టిక కింద "మూలం: క్షేత్ర పరిశీలన" అని సంవత్సరంతో సహా వేయండి. అదే పట్టిక మీ పాత వ్యాసంలో అచ్చయి ఉంటే, మీదే అయినా ఆ వ్యాసాన్ని ఉదహరించాలి.